స్వీట్‌వాటర్ కౌంటీ స్త్రీలు: కథలూ కాగితాలూ

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మేడమ్ మా తరం వాళ్ళకి డిగ్రీలో అమెరికా చరిత్ర చెప్పారు. సిలబస్‌లో ఉన్నది వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్. ఆవిడ ఆ పాఠాలు తొందరగా ముగించి, మిగిలిన టైములో మా చేత పాత కాగితాలు చదివించేవారు. జనాభా లెక్కలు, కోర్టు రిజిస్టర్లు, భూమి దరఖాస్తులు. ఏది చదివినా మూడు ప్రశ్నలు తప్పవు: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, రాస్తే వాళ్ళకేమిటి లాభం? కమిటీ వారు ‘చరిత్రలో స్త్రీలు’ అన్న అంశం ఇచ్చినప్పుడు నేను దాన్ని బాగా కుదించుకుని, అమెరికాలో ఒక్క కౌంటీని తీసుకున్నాను. ఆ మూడు ప్రశ్నలూ అక్కడ బాగా పనికొస్తాయి.

వయోమింగ్ రాష్ట్రంలో నైరుతి మూలన స్వీట్‌వాటర్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. ఇప్పటి దాని వైశాల్యం సుమారు 27,000 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా దాని పక్కన చిన్నదైపోతుంది. అందులో చాలా భాగం సేజ్ పొదలు తప్ప ఏమీ మొలవని ఎత్తైన మెట్ట. వానలు అంతంత మాత్రం, చలి మాత్రం ఏడాదిలో సగం. దానికి ఉత్తరాన రాకీ పర్వతాల మధ్య సౌత్ పాస్ అనే కనుమ. పేరుకే కనుమ, చూడటానికి విశాలమైన బయలు. ఎద్దుబండ్లు కూడా సులువుగా ఎక్కి దిగగలవు కాబట్టి పడమటికి వలస పోయిన లక్షలాది జనం ఆ దారినే పోయారు. 1836 జులై 4న నార్సిసా విట్‌మన్, ఎలైజా స్పాల్డింగ్ అనే ఇద్దరు మిషనరీల భార్యలు దాన్ని దాటారు. రాకీలు దాటిన మొదటి స్త్రీలు వీళ్ళేనని చాలా పుస్తకాలు రాస్తాయి. మొదటి తెల్లజాతి స్త్రీలు అని రాయాలి. షొషోనీ ఆడవాళ్ళు తరతరాలుగా ఆ కొండలు ఎక్కి దిగుతూనే ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. ‘పయనీర్’ అనే మాట వాడినప్పుడల్లా ఈ సంగతి మనసులో పెట్టుకోమని మేడమ్ హెచ్చరించేవారు, నేనూ హెచ్చరిస్తున్నాను.

1867లో సౌత్ పాస్ దగ్గర బంగారం పడింది. ఏడాది తిరిగేసరికి సుమారు 7,800 అడుగుల ఎత్తున సౌత్ పాస్ సిటీ అని ఒక ఊరు లేచింది. దుంగల ఇళ్ళు, సారా కొట్లు, గని గుంతలు, అంతా మగవాళ్ళు. అప్పట్లో స్వీట్‌వాటర్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. తర్వాత బంగారం అయిపోయింది, ముఖ్యపట్టణం గ్రీన్ రివర్‌కు పోయింది, హద్దులు మారి ఆ ఊరే పక్క కౌంటీలో కలిసింది. మన జిల్లాల పునర్విభజన చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

ఆ ఊళ్ళో సారా కొట్టు నడుపుకునే విలియం బ్రైట్ అనే ఆసామి 1869లో వయోమింగ్ మొదటి శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన పెట్టిన బిల్లు మీద గవర్నర్ జాన్ క్యాంప్‌బెల్ 1869 డిసెంబర్ 10న సంతకం చేశాడు. 21 ఏళ్ళు నిండిన స్త్రీలకు ఓటు హక్కు, దాంతోపాటు పదవి చేపట్టే హక్కు కూడా వచ్చాయి. అమెరికా మొత్తానికి ఇది 1920లో గాని రాలేదు. అదే సభ పెళ్ళైన స్త్రీలకు సొంత ఆస్తి హక్కు ఇచ్చింది, బడిలో పాఠం చెప్పే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ జీతం సమానం చేసింది.

ఇంత మంచి పని ఎందుకు చేశారంటే, కారణాలన్నీ అంత మంచివి కావు. ఆడదిక్కు లేని ప్రాంతానికి పేరు వస్తే కుటుంబాలు వచ్చి స్థిరపడతాయని కొందరి ఆశ. సభలో ఉన్నవాళ్ళందరూ డెమోక్రాట్లు, గవర్నర్ రిపబ్లికన్. ఆయన్ని ఇరకాటంలో పెడదామని కొందరి ఎత్తు. బ్రైట్ స్వయంగా వర్జీనియా మనిషి. నల్లవాళ్ళకు ఓటు ఇవ్వడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. వాళ్ళకే ఇచ్చినప్పుడు నా భార్యకు, నా తల్లికి ఎందుకు ఉండకూడదన్నది ఆయన వాదం. రెండేళ్ళకే, 1871లో, తర్వాతి సభ ఆ చట్టాన్ని రద్దు చేయబోయింది. గవర్నర్ వీటో చేశాడు. వీటోను తోసిపుచ్చడానికి ఎగువ సభలో ఒక్క ఓటు తక్కువైంది. ఆ ఒక్క ఓటుతో హక్కు నిలిచింది.

ఇక ఎస్తర్ హోబర్ట్ మోరిస్ దగ్గరికి వస్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. కుట్టుపని నేర్చుకుని ఆడవాళ్ళ టోపీలు చేసి అమ్మింది. మొదటి భర్త ఓ పసిబిడ్డను ఇచ్చి పోయాడు. ఇల్లినాయిలో ఆయన వదిలిన భూమి కోసం వెళ్తే, ఆడదానికి ఆస్తి దక్కడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంది, కవల పిల్లలు పుట్టారు. 1869లో భర్తను, పెద్ద కొడుకును వెతుక్కుంటూ సౌత్ పాస్ సిటీకి చేరేనాటికి యాభై దాటాయి. ఆరడుగులకు దగ్గరగా ఎత్తు, దానికి తగ్గ పర్సనాలిటీ.

చట్టం వచ్చిన రెండు నెలలకే, 1870 ఫిబ్రవరిలో, కౌంటీ అధికారులు ఆమెను జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా నియమించారు. చిన్న అప్పుల తగాదాలు, కొట్లాటలు విచారించే కింది కోర్టు అది. అమెరికాలో న్యాయపదవిలో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. లా చదవలేదు. తనకు ముందు ఆ పదవిలో ఉన్నాయన కోర్టు చిట్టా అప్పగించనన్నాడు. మొదటి కేసు ఆయన మీదే పెట్టింది. తీరా విచారణకు వచ్చాక, ఇందులో నేను కూడా పక్షాన్నే, తీర్పు చెప్పడానికి నాకు అధికారం లేదు అని తానే కొట్టేసింది. కొత్త చిట్టా తెరుచుకుని పని మొదలుపెట్టింది. నాకు ఆవిడలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. పదవిలోకి వచ్చిన వారంలో, ఎదుటివాడిది స్పష్టంగా తప్పయినప్పుడు, తన అధికారానికి హద్దు తానే గీసుకోవడం మనకు తెలిసిన ఎంతమంది చేస్తారు?

ఎనిమిది నెలల పైచిలుకు ఆ పని చేసింది. కవలల్లో ఒకడైన రాబర్ట్ కోర్టు గుమాస్తా. చిట్టాలో పాతిక పైచిలుకు కేసులున్నాయి. అప్పు తీర్చలేదని కొన్ని, కొట్టాడని కొన్ని. పదవీకాలం ముగిశాక పార్టీలేవీ ఆమెకు టికెట్టు ఇవ్వలేదు. 1871లో భర్త తనను కొట్టాడని ఫిర్యాదు చేసి వారెంటు తీయించింది, తర్వాత అతన్ని వదిలి వెళ్ళిపోయింది. 1902లో వయోమింగ్ రాజధాని షయెన్‌లో పోయింది.

చనిపోయిన పదిహేడేళ్ళకు ఆమె జీవితంలో ఒక టీ పార్టీ వచ్చి చేరింది. 1919లో హెచ్.జి. నికర్సన్ అనే పెద్దమనిషి పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. 1869 ఎన్నికల ముందు మోరిస్ తన ఇంట్లో నలభై మందిని టీకి పిలిచిందట, అందులో బ్రైట్ ఉన్నాడట, ఎదుటి పార్టీ అభ్యర్థిగా తానూ ఉన్నాడట, ఎవరు గెలిచినా స్త్రీల ఓటు బిల్లు పెడతామని ఆవిడ ఇద్దరి చేతా మాట తీసుకుందట. యాభై ఏళ్ళ తర్వాతి జ్ఞాపకం, అదీ ఆ ఎన్నికలో ఓడిపోయిన మనిషిది. వయోమింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్న గ్రేస్ రేమండ్ హెబార్డ్ ఈ కథను అందుకుని పుస్తకంలో వేసింది, ఊళ్ళో గుర్తుగా రాయి పాతించింది. అక్కణ్ణుంచి పాఠ్యపుస్తకాల్లోకి, 1960లో వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో పెట్టిన ఆమె విగ్రహం దాకా ‘ఓటు హక్కు తల్లి’ అన్న బిరుదు పాకింది. టి.ఎ. లార్సన్ లాంటి చరిత్రకారులు తర్వాత ఆధారాలు వెతికితే పార్టీ జాడ దొరకలేదు. దొరికింది ఇంకొకటి. 1869 డిసెంబర్ చివర్లో, బ్రైట్ ఊరికి తిరిగొచ్చాక, రాబర్ట్ ఒక స్త్రీవాద పత్రికకు ఉత్తరం రాశాడు. నేనూ అమ్మా వెళ్ళి బ్రైట్‌ను అభినందించి వచ్చాం అని అందులో ఉంది. టీ పార్టీ ఊసు లేదు. ఇంట్లో అంత పెద్ద రాజకీయం నడిస్తే పద్దెనిమిదేళ్ళ కొడుకు రాయకుండా ఊరుకుంటాడా?

హెబార్డ్‌ను తీసిపారేయడానికి లేదు. ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుంది, వయోమింగ్ బార్‌లో చేరిన మొదటి మహిళ, ముసలివాళ్ళ దగ్గరికి తిరిగి తిరిగి ఎన్నో జ్ఞాపకాలు రాసుకుంది, అవి లేకపోతే ఈరోజు మనకి సగం తెలియదు. తన రాష్ట్రపు స్త్రీలకు ఒక మూలపురుషురాలు కావాలని తాపత్రయపడింది. ఆ తాపత్రయం వల్ల జరిగిందేమిటంటే, కొట్లాట కేసులు విచారించిన జడ్జిగారు పింగాణీ కప్పుల వెనక్కి వెళ్ళిపోయింది. ఆడది రాజకీయం చేస్తే ముందు గదిలో, అతిథులకు టీ అందిస్తూ చేసి ఉండాలి అన్న ఊహ జనానికి సులువుగా మింగుడుపడింది.

కౌంటీలో అన్నిటికంటే పెద్ద ఊరు రాక్ స్ప్రింగ్స్. అక్కడ రైలు కంపెనీ బొగ్గు గనులు. తక్కువ కూలికి చైనా వాళ్ళను దింపారన్న కక్షతో 1885 సెప్టెంబర్ 2న తెల్ల గనికార్మికులు వాళ్ళ పేట మీద పడి కనీసం 28 మందిని చంపారు, ఇళ్ళు తగలబెట్టారు. బతికి బయటపడ్డ చైనా కార్మికులు న్యూయార్క్‌లోని తమ కాన్సుల్‌కు పంపిన విజ్ఞాపన ఒకటి మిగిలింది. పేట అంచున ఆడవాళ్ళు గుంపుగా నిలబడి అరుస్తూ చప్పట్లు కొట్టారని, తమకు అంతకుముందు ఇంగ్లీషు నేర్పిన ఆడవాళ్ళు కూడా ఇళ్ళలో దూరి చేతిరుమాళ్ళు, సామాన్లు ఏరుకుపోయారని అందులో రాశారు. గ్రాండ్ జ్యూరీ ఎవరి మీదా నేరం మోపలేదు. ఓటు హక్కు వచ్చి పదహారేళ్ళయిన కౌంటీ అది. గుర్తుంచుకోదగ్గ స్త్రీల జాబితాలు వేసేవాళ్ళు ఈ కాగితాన్ని సాధారణంగా వదిలేస్తారు. స్త్రీల చరిత్ర అని పేరు పెట్టాక మనకు నచ్చిన ఆడవాళ్ళనే ఏరుకోవడం కుదరదు.

ఇప్పుడు కాస్త హద్దు దాటుతున్నాను. స్వీట్‌వాటర్ అని ఒక నది కూడా ఉంది. దాని లోయలో కొంత మేర అప్పట్లో కార్బన్ కౌంటీ కిందికి వచ్చేది. అక్కడ 1888లో ఎలెన్ వాట్సన్ అనే స్త్రీ 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఏమంటుందంటే: 21 ఏళ్ళు నిండినవారు గాని, కుటుంబ యజమాని గాని, దరఖాస్తు పెట్టి, ఇల్లు కట్టుకుని, అయిదేళ్ళు సాగు చేసి చూపిస్తే 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమి సొంతం. పెళ్ళికాని స్త్రీ, విధవ, విడాకులు తీసుకున్న స్త్రీ అర్హులే. భర్త ఉన్న స్త్రీ మాత్రం పనికిరాదు, ఆమె కుటుంబానికి యజమాని భర్త కాబట్టి. వాట్సన్ కెనడాలో పుట్టి, కాన్సస్‌లో తాగుబోతు భర్తను వదిలించుకుని, వంటలు చేసి బతుకుతూ వయోమింగ్ చేరింది. జిమ్ ఎవెరెల్ అనే పొరుగు రైతుతో కలిసి 1886లో లాండర్ కోర్టులో పెళ్ళి లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. ఆ కాగితం మీద తన పేరు కాస్త మార్చి రాసింది. భార్యాభర్తలని తెలిస్తే ఇద్దరికీ వేర్వేరుగా భూమి రాదు. ఆ పేరు మార్పు వెనకున్న లెక్క ఇదేనని చరిత్రకారుల ఊహ, నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఆమె తీసుకున్న భూమిలో నీళ్ళున్నాయి. అప్పటిదాకా దాన్ని బీడుగా వాడుకుంటూ వచ్చింది పెద్ద పశువుల ఆసాములు. ఆమె కొన్ని దూడలను కొని, ఒక వాత ముద్ర కొనుక్కుని, వాటికి వేయించింది. 1889 జులై 20న ఆరుగురు ఆసాములు వచ్చి ఆమెను, ఎవెరెల్‌ను బండెక్కించి తీసుకుపోయి ఒక గట్టు మీద చెట్టుకు ఉరి తీశారు. ఆ రోజే ఆవిడ దగ్గర్లో దిగిన షొషోనీల గుడారాల దగ్గరికి వెళ్ళి పూసలు కుట్టిన మెత్తని తోలు చెప్పులు తెచ్చుకుంది. ఉరి తీసేటప్పుడు అవి కాళ్ళ నుంచి జారి కింద పడ్డాయి. షయెన్ మ్యూజియంలో ఉన్నాయవి. మూడు రోజులు తిరక్కుండానే షయెన్ పత్రికలు ఆమెకు ‘క్యాటిల్ కేట్’ అని పేరు తగిలించాయి. పశువుల దొంగ, వేశ్య, తుపాకీ పట్టిన రాక్షసి అని రాశాయి. ఆ పత్రికలకు ఆసాముల సంఘం పక్కవీధే. సాక్షుల్లో కొందరు మాయమయ్యారు, కొందరు చచ్చిపోయారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. వందేళ్ళ పాటు సినిమాలకు, నవలలకు పనికొచ్చింది పత్రికల క్యాటిల్ కేటే. భూమి దరఖాస్తు, వాత ముద్ర కొన్న కాగితం, పౌరసత్వం కోసం పెట్టుకున్న అర్జీ బయటికి తీసి చదివాక గాని వాట్సన్ కనపడలేదు.

చివరిగా మళ్ళీ స్వీట్‌వాటర్ కౌంటీకి, దాని నైరుతి కొసన యూటా సరిహద్దులో ఉన్న బర్ంట్‌ఫోర్క్‌కు వస్తాను. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్ గురించి చెప్పాలి. 1876లో పుట్టింది. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోతే తమ్ముళ్ళను, చెల్లెళ్ళను తనే సాకింది. పెళ్ళి చెడింది, చంకన ఆడపిల్ల. డెన్వర్‌లో బట్టలు ఉతికి, ఇళ్ళల్లో చాకిరీ చేసింది. జూలియెట్ కోనీ అనే రిటైరైన టీచరమ్మ ఇంట్లో పనికి కుదిరింది. 1909లో బర్ంట్‌ఫోర్క్ రైతు క్లైడ్ స్టీవర్ట్ ఇంటి పని చూసే మనిషి కావాలని ప్రకటన ఇస్తే, పిల్లను తీసుకుని వెళ్ళింది. అక్కణ్ణుంచి కోనీకి ఉత్తరాలు రాసింది. ఆ టీచరమ్మ వాటిని ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికకు పంపింది, 1914లో ‘లెటర్స్ ఆఫ్ ఎ వుమన్ హోమ్‌స్టెడర్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి, ఎన్.సి. వైయెత్ బొమ్మలు వేశాడు. పట్నంలో ఉతుకుడు రాయి దగ్గర నడుం విరగ్గొట్టుకునే ఆడది ఎవరైనా వచ్చి భూమి తీసుకుని తన బతుకు తాను బతకొచ్చు అన్నది ఆమె గట్టిగా చెప్పిన మాట.

ఆ ఉత్తరాల్లో గడ్డి కోత సంగతి ఒకటుంది. 1909 వేసవి. గడ్డి కోయాలి, యంత్రం నడిపే మనిషి దొరకడం లేదు. ఎలినోర్‌కు చిన్నప్పుడే ఆ పని వచ్చు. చెప్తే వద్దంటాడేమోనని నోరు మూసుకుంది. క్లైడ్ మనిషి కోసం ఊళ్ళ మీద పడి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు గుర్రాలు కట్టి యంత్రం పొలంలోకి తోలింది. ఆయన ఉత్త చేతులతో, దిగాలుగా తిరిగొచ్చేసరికి ఆమెకు పని వచ్చని తెలిసేంత గడ్డి కోసి పడి ఉంది. మనిషి ఉబ్బిపోయాడు. ఆ ఏడాది గడ్డంతా ఆమే కోసింది, వంట రాత్రిపూట చేసుకుంది, రోజూ ఏడు ఆవుల పాలు పితికింది, జామ్ కాచి సీసాలకు ఎత్తింది. చదువుతుంటే మన పల్లెల్లో ఆడవాళ్ళు కోతల కాలంలో చేసే రెండు షిఫ్టుల చాకిరీ కళ్ళ ముందుకొస్తుంది. వాళ్ళ ఉత్తరాలు మాత్రం ఎవరూ అచ్చు వేయలేదు.

ఈ ఉత్తరం రాసేనాటికి ఆమె క్లైడ్ ఇంట్లో పనిమనిషి కాదు, భార్య. వచ్చిన కొద్ది వారాలకే, ఆ మే నెలలోనే పెళ్ళయింది. పెళ్ళికి కొన్ని రోజుల ముందు క్లైడ్ భూమి పక్కనే తన పేర దరఖాస్తు పెట్టింది. హద్దు ఇవతల తన ఇల్లు కట్టించి క్లైడ్ ఇంటికి ఆనించింది. గోడ ఒకటే అయినా హక్కులు రెండు. పెళ్ళి సంగతి కోనీకి చెప్పడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదటి భర్త ప్రమాదంలో పోయాడని రాసింది, అతను పోలేదు, విడాకులయ్యాయి. క్లైడ్‌కు, తనకు పుట్టిన మొదటి మగబిడ్డ పసితనంలోనే సర్పి వచ్చి పోయాడు. క్లైడ్‌కు వడ్రంగం వచ్చు కాబట్టి పెట్టె తను చేశాడు. లోపల మెత్తగా బట్ట పరిచి కుట్టింది తల్లి. ఆ చుట్టుపక్కల పాస్టర్ లేకపోతే ప్రార్థన కూడా తనే చెప్పి బిడ్డను సాగనంపింది. ఇది కూడా చాలా ఆలస్యంగా రాసింది.

మరి ఆవిడ అబద్ధాలకోరా? భూమి కోసం పెళ్ళిని దాచినందుకు నాకు పెద్ద పట్టింపు లేదు. ఆడదాని హక్కును మెడలో పుస్తెకు ముడిపెట్టిన చట్టం అలాంటి దాపరికాలనే పుట్టిస్తుంది. మనకూ అనుభవమే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి, అయితే 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకే. ఆ తేదీకి ముందు తలంబ్రాలు పడిన అక్కకు లేదు, తర్వాత పడిన చెల్లికి ఉంది. కేంద్రం 2005లో చట్టం మార్చేదాకా ఆ తేడా కొనసాగింది. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని శుభలేఖల తేదీలు వాయిదా ఫైళ్ళలోకి ఎక్కాయో ఈ సభలో ఉన్న వకీళ్ళకు నాకంటే బాగా తెలుసు.

నాకు పట్టింపు ఉన్నది ఆమె సలహా విషయంలో. ఒంటరి స్త్రీ భూమి తీసుకుని నిలదొక్కుకోగలదని దేశానికంతా చెప్పింది, నమ్మిన ఆడవాళ్ళు ఉంటారు. తను మాత్రం ఒంటరిగా చేయలేదు. గుర్రాలు, యంత్రం, పక్క పొలం క్లైడ్‌వి. ఇంకొక మాట కూడా ఉంది. భార్యాభర్తలు ఇద్దరూ వేర్వేరు భూములపై నివాసం చూపించడం కుదరదన్న నిబంధన మెడకు చుట్టుకునేలా ఉందని 1912లో తన దరఖాస్తును వదులుకుంది. ఆ భూమిని క్లైడ్ తల్లి రూత్ స్టీవర్ట్ తన పేర పెట్టుకుంది. విధవ కాబట్టి చట్టానికి ఆమె యజమానురాలే. కొన్నేళ్ళకు పట్టా అత్తగారి పేర వచ్చింది, ఆమె నుంచి కొడుక్కి పోయింది. పుస్తకం అప్పటికే దేశమంతా చదువుతున్నారు.

1926లో గడ్డి కోత యంత్రం దగ్గర జరిగిన ప్రమాదంలో ఎలినోర్‌కు గట్టి దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత కూడా పని మానలేదు, ఉత్తరాలు మానలేదు. 1933 అక్టోబర్‌లో రాక్ స్ప్రింగ్స్ ఆస్పత్రిలో ఆపరేషన్ అయ్యాక పోయింది, బర్ంట్‌ఫోర్క్‌లోనే పూడ్చారు. 1979లో ఆమె కథతో ‘హార్ట్‌లాండ్’ అనే సినిమా వచ్చింది. అమెరికాలో అందరికంటే పేరున్న ఈ స్త్రీ హోమ్‌స్టెడర్ పేర ఆ భూమి పట్టా ఎన్నడూ రాలేదని భూమి ఆఫీసు కాగితాలు తిరగేసిన పరిశోధకులు చెప్పింది 1990ల్లో.